ఆయుష్షు లెక్కల ఆఫీసులో రెండు నెలలు

మా అక్క కూతురు ఎం.ఎస్సీ. స్టాటిస్టిక్స్ చదువుతూ 2023 వేసవిలో హైదరాబాదులో ఒక బీమా కంపెనీలో రెండు నెలలు ఇంటర్న్‌షిప్ చేసింది. చదువు పూర్తికాకముందే ఆఫీసులో కూర్చుని పని నేర్చుకోవడం అన్నమాట. తనని వేసింది యాక్చువరీ విభాగంలో. ఆ మాటే నేను అంతకుముందు వినలేదు. పదో తరగతితో పుస్తకాలు అటకెక్కించినదాన్ని, నాకెలా తెలుస్తుంది! మనుషుల ఆయుష్షు లెక్కగట్టే పని అని తెలిసి మా అత్తగారు, "హవ్వ, ఆడపిల్ల చెయ్యాల్సిన పనేనా అది? చిత్రగుప్తుడి దగ్గర గుమాస్తాగిరీ!" అన్నారు.

పని ముగించుకుని వచ్చాక పిల్ల రాజమండ్రిలో మా ఇంట్లో నాలుగు రోజులుంది. గోరుచిక్కుళ్ళు ఒలుచుకుంటూ నేను అడగడం, తను చెప్పడం. అందులో మన ఇళ్ళకి పనికొచ్చే సంగతులు చాలా ఉన్నాయనిపించి మీకు చెబుతున్నాను.

యాక్చువరీ ఫలానావారు ఫలానా రోజున పోతారని చెప్పడు. అది తెలిస్తే బీమాతో పనేముంది? గోదావరి గట్టున పుట్టిన మనకి ఇలా చెబితే తేలిక. ఈ ఏడు వరద ఏ తారీఖున వస్తుందో ఎవరూ చెప్పలేరు. కాని ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీటిమట్టం ఏళ్ళ తరబడి రాసిపెట్టుకుంటూ వచ్చారు. ఇప్పుడు అక్కడ 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. గట్టు ఎంత ఎత్తున ఉండాలో కూడా పాత లెక్కలు చూసే తేలుస్తారు. యాక్చువరీ చేసేదీ ఇంచుమించు అంతే. నీటిమట్టానికి బదులు వయసు చూస్తాడు.

మన దేశంలో బీమా చేసుకున్నవారి అనుభవం మీద వేసిన పట్టిక ఒకటుంది, 2012-14 నాటిది. దాని ప్రకారం ముప్ఫయ్యేళ్ళవాళ్ళు వెయ్యిమంది ఉంటే ఆ ఏడాదిలో పోయేది సుమారు ఒకరు. నలభైకి ఇద్దరికి కాస్త తక్కువ. యాభైకి నలుగురు దాటుతారు. ఇప్పుడు ముప్ఫయ్యేళ్ళవాళ్ళు వెయ్యిమంది తలా లక్ష రూపాయలకి ఒక్క ఏడాది బీమా చేశారనుకోండి. ఒక ఇంటికి లక్ష ఇవ్వాలి. తలా వంద వేసుకుంటే సరిపోయింది. యాభయ్యేళ్ళవాళ్ళయితే తలా నాలుగువందల నలభై దాకా పడుతుంది. దానిమీద ఆఫీసు ఖర్చులూ, ఏజెంటు కమీషనూ కలుపుతారు. ఎక్కువ ఏళ్ళ పాలసీ అయితే కూడబెట్టిన సొమ్ముమీద వచ్చే వడ్డీ కూడా లెక్కలోకి తీసుకుంటారు. ప్రీమియం అంటే ఇంతే.

"పదిమందిమే వేసుకుంటే?" అని అడిగాను. "ఒక్కరు పోయినా మిగతావాళ్ళు మునిగిపోతారు పిన్నీ. మంది ఎక్కువుంటేనే లెక్క నిలుస్తుంది" అంది. అంతమంది ఉన్నా ఒక్కో ఏడు లెక్క తప్పుతుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. అప్పుడు చిన్నపిల్లనే అయినా నాకు ఆ రోజులు బాగా గుర్తు. అలాంటి ఏడాది వస్తే ఎలాగని కంపెనీ విడిగా సొమ్ము అట్టేపెట్టి ఉంచాలి. ఎంత ఉంచాలో లెక్కకట్టేది కూడా ఈ యాక్చువరీలే.

ఈ విద్య కొత్తదేం కాదు. తోకచుక్కకి పేరిచ్చిన హేలీగారే 1693లో ఒక ఊరి జనన మరణాల లెక్కతో ఇలాంటి పట్టిక వేశాడట. 1744లో స్కాట్లండులో చర్చి గురువులు తాము పోతే భార్యాబిడ్డల గతేమిటని, లెక్కలు కట్టించుకుని ఒక నిధి పెట్టుకున్నారు. మనవైపు చూస్తే, పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకుతో ఆగక ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ కూడా స్థాపించారు. 1956లో జీవిత బీమా అంతా ప్రభుత్వం తీసుకుని ఎల్.ఐ.సి. పెట్టింది.

పిల్ల సంగతికి వస్తాను. మొదటి రెండు వారాలూ తనకిచ్చిన పని పుట్టినరోజులు సరిచూడడం. వేలకొద్దీ పేర్లు కంప్యూటరులో. చూస్తే ఎంతోమంది జులై ఒకటినే పుట్టారట! బడిలో చేర్చేటప్పుడు అయ్యవారు వేసిన తేదీ కాబోలు. నవ్వుకోకండి, మా నాన్నగారి పుట్టినరోజూ అదే. వయసు ఒక ఏడు అటూ ఇటూ అయితే ప్రీమియం మారిపోతుంది, అందుకని అన్నీ పట్టిపట్టి చూడాలి.

మూడో వారం వేరే పని ఇచ్చారు. పాలసీ తీసుకున్నవాళ్ళలో పదమూడో నెలకి ఎంతమంది కడుతున్నారు, ఇరవైఅయిదో నెలకి ఎంతమంది, అలా అరవైఒకటో నెల దాకా లెక్క. మానేసినవాళ్ళ పేరు పక్కన 'లాప్స్' అని ఉంటుంది. ఆ పని చేస్తున్న మూడో రోజున పిల్ల మధ్యలో లేచి బయటికి వెళ్ళిపోయిందట.

ఎందుకో నాకు తెలుసు. మా బావగారు 2015 జూన్‌లో పాలసీ తీసుకున్నారు. ఆ ఏడూ మరుసటేడూ కట్టారు. 2017 జూన్‌లో కట్టలేదు. మరుసటేడు ఫిబ్రవరిలో గుండెపోటుతో పోయారు. బీరువాలో దుప్పట్ల మడతల్లో బాండు దొరికితే మా అక్క ఆశగా పట్టుకెళ్ళింది. మూడేళ్ళు కట్టి ఉంటే ఎంతోకొంత వచ్చేది, రెండేళ్ళే గనుక ఏమీ రాదన్నారు. ఆ జూన్‌లో ఆయన దగ్గరున్న డబ్బు పిల్ల ఇంటర్ ఫీజుకి పోయింది. ఆ మాట అక్క నాతో ఒక్కసారే అంది. పిల్లకి తెలియదనుకుంది.

"తెలుసు పిన్నీ" అంది పిల్ల, చిక్కుడుకాయ చేతిలో పట్టుకుని. "అక్కడ నేను చూస్తున్నది వట్టి అంకెలు కాదు. ఒక్కో వరసా ఒక్కో నాన్న."

పై అధికారిణి మంచావిడట. మర్నాడు పిలిచి కూర్చోబెడితే ఇది అడిగేసింది: "ఇలా మానేసినవాళ్ళ డబ్బు మనకి లాభమా మేడమ్?" ఆవిడ దాచకుండా చెప్పింది. మొదట్లోనే మానేస్తే కంపెనీకి కూడా నష్టమే, ఎందుకంటే కమీషనూ వైద్యపరీక్షల ఖర్చూ అప్పటికే పెట్టేసి ఉంటుంది. కొన్నేళ్ళు పోయాక మానేస్తే కొన్ని పాలసీల్లో లాభం రావచ్చు. "ఆ లాభం నమ్ముకుని ప్రీమియం కట్టే యాక్చువరీని నేను మెచ్చను. ఎవరు ఎందుకు మానేస్తున్నారో నువ్వు చూడు" అని పని మళ్ళీ చేతికిచ్చింది.

పిల్ల చూసింది. బ్యాంకునుంచి తనంతట తనే కట్టయ్యే ఏర్పాటు పెట్టుకున్నవాళ్ళు తక్కువగా మానేస్తున్నారు. గడువు జూన్‌లో పడ్డవాళ్ళు ఎక్కువమంది తప్పుతున్నారు. ఫీజుల నెల కదా, మనకి చెప్పాలా? గడువు దాటాక సాధారణంగా నెల రోజులూ, నెలనెలా కట్టేదైతే పదిహేను రోజులూ వ్యవధి ఉంటుంది. ఆలోగా ఏమైనా జరిగినా సొమ్ము ఇస్తారు. అదీ దాటి లాప్స్ అయినా, మామూలు పాలసీని ఇప్పుడు అయిదేళ్ళ లోపల బాకీ వడ్డీతో కట్టి, ఆరోగ్యం బాగుందని చూపించి మళ్ళీ బతికించుకోవచ్చు. మా బావగారికి ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. మా అక్కకి అసలు పాలసీ ఉన్నట్టే తెలియదు.

పిల్ల ఇప్పుడు యాక్చువరీ పరీక్షలు రాస్తానంటోంది. ప్రవేశ పరీక్ష పేరు ఏసెట్. తరవాత ఉద్యోగం చేసుకుంటూనే ఏళ్ళ తరబడి పేపర్లు గట్టెక్కాలి. మా అత్తగారు, "కానీవే, చిత్రగుప్తుడికీ ఒక మంచి గుమాస్తా ఉండాలిగా" అన్నారు.

ఆ రాత్రి మా వారు పడుకున్నాక బీరువా పై అర దింపాను. పాలసీ బాండు ఎల్.ఐ.సి. కాలెండరు వెనక దొరికింది. ఇరవయ్యేళ్ళ కాపురంలో దాన్ని తెరిచి చూడడం అదే మొదలు. కళ్ళజోడు పెట్టుకుని గడువు తేదీ చదివాను. జూన్ పధ్నాలుగు.