అద్దె కోసం ఇల్లు కొనేముందు...

సౌదీలోనో, దుబాయిలోనో, కువైట్‌లోనో పదేళ్ళు పదిహేనేళ్ళు కష్టపడి నాలుగు రాళ్ళు వెనకేసుకున్నవారికి మొదట తట్టే ఆలోచన ఒక ఇల్లు కొని అద్దెకివ్వాలన్నదే. వడ్డీ సొమ్ము ముట్టకూడదని బ్యాంకు డిపాజిట్లకు దూరంగా ఉండే మన కుటుంబాలకు అద్దె హలాల్ రాబడి. కనుక ఆలోచన మంచిదే. చిక్కంతా మనం ఆ పని చేసే తీరులో ఉంది. ఇంటి మీద ఉన్న మోజు కొద్దీ, బంధువుల నోటిమాట మీద బేరం కుదుర్చుకుని, చేతులు కాలిన తర్వాత ఆకులు పట్టుకుంటున్నాం.

ధర కంటే ముందు తేల్చుకోవలసింది పేరు. కొడుకు డబ్బు పంపుతాడు, ఇక్కడ తండ్రి పేరిట రిజిస్ట్రేషన్ జరుగుతుంది. గౌరవం కొద్దీ ఎవరూ మాట్లాడరు. తండ్రి కన్నుమూశాక కాగితం ప్రకారం అది ఆయన వదిలి వెళ్ళిన ఆస్తి. తల్లికి ఎనిమిదో వంతు పోను మిగిలినది కొడుకులకు రెండు పాళ్ళు, కూతుళ్ళకు ఒక పాలు చొప్పున పంచాలి. ఎడారిలో చెమటోడ్చి పంపినవాడు వారసుల్లో ఒకడిగా మిగులుతాడు. 'ఇది నా డబ్బు' అంటే చెల్లెళ్ళ వాటా మింగాడన్న నింద, ఊరుకుంటే భార్యాబిడ్డలకు అన్యాయం! ఒక్క రిజిస్ట్రేషన్ వల్ల ఈద్ నాడు కూడా పలకరించుకోని అన్నదమ్ములు మనలో లేరా?

2016లో సవరించిన బేనామీ చట్టం కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. లెక్క చూపగల సొంత డబ్బుతో భార్య పేరిట, పిల్లల పేరిట కొనవచ్చు. తల్లిదండ్రుల పేరిట, తోబుట్టువుల పేరిట కొంటే మాత్రం డబ్బు పెట్టినవారి పేరు కూడా దస్తావేజులో ఉమ్మడిగా ఉండాలి. అబ్బాజాన్‌కే ఇవ్వాలని మనసులో ఉంటే హిబా అని స్పష్టంగా రాసి ఇవ్వడం మేలు.

పరాయి దేశంలో ఉన్నా సొంత పేరిట కొనడానికి అడ్డేమీ లేదు. అక్కడి భారత రాయబార కార్యాలయంలో పవర్ ఆఫ్ అటార్నీపై సంతకాన్ని ధ్రువీకరించుకుని పంపాలి. అది ఇండియా చేరిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు వేయించుకోవాలి. అందులో కొనడానికి, అద్దెకివ్వడానికి మాత్రమే అధికారమివ్వండి. అమ్మే అధికారం రాయవద్దు. తమ్ముడి మీద నమ్మకం లేక కాదు, తమ్ముడి మీద కూడా ఒత్తిళ్ళుంటాయి. డబ్బు బ్యాంకు ద్వారానే పంపండి. ఇంకొక సంగతి: ప్రవాస భారతీయులు వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు. పొలాన్ని గజాల లెక్కన ముక్కలు చేసి ప్లాటని అంటగట్టేవారు ఉన్నారు, జాగ్రత్త.

ఇక కాగితాలు. నోటరీ కాగితం మీద, జీపీఏ మీద చేతులు మారిన ఇళ్ళు మన బస్తీలలో కొల్లలు. ధర కాస్త తక్కువగా ఉంటుంది కనుక ఆశ పుడుతుంది. జీపీఏ అమ్మకం వల్ల యాజమాన్యం సంక్రమించదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చి చెప్పింది. రిజిస్టరైన దస్తావేజు, దాని వెనకటి లింకు దస్తావేజులు, కనీసం ముప్పై ఏళ్ళ ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, మున్సిపల్ అనుమతి, పన్ను రసీదులు ఒక న్యాయవాదికి చూపించండి. అమ్మేవారి తరఫు వకీలుకు కాదు. ఆ స్థలం వక్ఫ్ భూమి కాదని వక్ఫ్ బోర్డు రికార్డులో విడిగా చూడండి. అమ్మేవారిది వారసత్వపు ఇల్లయితే ఆడపడుచులందరూ సంతకం పెట్టారా లేదా అన్నది మరువకూడదు.

అద్దె లెక్కకు వద్దాం. ఉదాహరణకు 50 లక్షల ఫ్లాటుకు నెలకు 14 వేలు వస్తుందనుకుందాం. ఏడాదికి 1,68,000. కొనేటప్పుడు స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చు సుమారు 7.5 శాతం అంటే మూడు లక్షల 75 వేలు, దానిని ఎవరూ లెక్కలో వేయరు. ఏడాదిలో ఒక నెల ఖాళీ, ఆస్తి పన్ను 6 వేలు, సున్నాలు మరమ్మతులు 18 వేలు పోతే చేతిలో మిగిలేది 1,30,000. పెట్టిన 53 లక్షల 75 వేలపై ఇది రెండున్నర శాతం కూడా కాదు. దీని మీదే కుటుంబం గడవాలనుకునేవారికి ఒక పెద్ద ఫ్లాటు కన్నా రెండు మూడు చిన్న పోర్షన్లున్న ఇల్లు నయమని మా అభిప్రాయం. ఒకటి ఖాళీ అయినా మిగతావి నడుస్తాయి. ముల్గీలకు అద్దె ఎక్కువే, కాని ఖాళీ అయితే నెలల తరబడి తాళమే.

మేము గట్టిగా వద్దనేది గిర్వీ. ఇంటివారు అయిదు లక్షలు తీసుకుంటారు. వచ్చినవారు అద్దె లేకుండా మూడేళ్ళుండి, వెళ్ళేటప్పుడు పూర్తి సొమ్ము తీసుకుంటారు. అప్పుపై పొందే లాభం వడ్డీయేనని ఉలమాలలో అత్యధికులు చెబుతున్నారు. ఆ మాట అలా ఉంచి లోకవ్యవహారం చూసినా ఇది ఊబి. ఆ అయిదు లక్షలు పెళ్ళికో, రెండో ఇంటి బయానాకో ఖర్చయిపోతాయి. గడువు వచ్చేసరికి ఇవ్వడానికి చేతిలో ఏమీ ఉండదు. మరొకరిని గిర్వీకి వెతకాలి. దొరికేదాకా లోపలివారు కదలరు, అద్దె ఒక్క రూపాయి రాదు. కొత్తగా ఈ దారిలోకి వచ్చేవారు మొదటి ఇంటి గిర్వీ డబ్బుతో రెండో ఇల్లు కొనాలనే ఆలోచన దరిదాపుల్లోకి పోవద్దు.

అడ్వాన్సు కూడా మన సొమ్ము కాదు, అమానత్. వేరే ఖాతాలో ఉంచండి. నివాస గృహానికి రెండు నెలల అద్దెకు మించి తీసుకోరాదని కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా చట్టం సూచిస్తున్నది.

కిరాయిదారు ఎంపికలో ఆధార్, పనిచేసే చోటు చూసుకుంటే చాలు. పిల్లలెక్కువని, మాంసం వండుతారని ఇల్లు దొరకక గడప గడపా తిరిగిన అనుభవం మనకే ఉంది. ఆ తిప్పలు మరొకరికి పెట్టవద్దు. పదకొండు నెలల ఒప్పందమని తెల్ల కాగితం మీద రాసుకుంటే చాలనుకోకుండా రిజిస్టరు చేయించండి.

పన్ను సంగతి క్లుప్తంగా. అద్దెలో చెల్లించిన మున్సిపల్ పన్ను తీసివేసి, మిగిలినదానిలో 30 శాతం మినహాయింపు పోను తక్కినదే ఆదాయంగా లెక్క. యజమాని ప్రవాసి అయితే అద్దె ఎంతైనా కిరాయిదారే పన్ను కోసి ప్రభుత్వానికి కట్టాలి. ఈ నిబంధన ఇద్దరికీ తెలియక తర్వాత నోటీసులు వస్తుంటాయి. ఒప్పందంలోనే రాసుకోండి. జకాత్ విషయానికొస్తే, అద్దెకిచ్చిన ఇంటి విలువపై జకాత్ లేదని, అద్దె సొమ్ము ఖర్చులు పోను మిగిలి నిసాబుకు చేరి ఏడాది గడిస్తే రెండున్నర శాతం ఇవ్వాలని ఎక్కువమంది ఉలమాల అభిప్రాయం. ఆ లెక్కకైనా నెలనెలా రాకపోకలు ఒక పుస్తకంలో రాసిపెట్టాలి. తాళం చేతికిచ్చిన రోజున కరెంటు మీటరు అంకె కూడా అందులోనే రాసి, కిరాయిదారు చేత సంతకం పెట్టించుకోండి.