ర్యామ్ డిస్క్ మాడ్యూల్ (లినక్స్ కెర్నల్)

కంప్యూటరు ప్రధాన మెమరీలో (ర్యామ్‌లో) కొంత భాగాన్ని హార్డ్ డిస్కు వలె ఉపయోగించుకొనుటకు వీలు కల్పించే ఏర్పాటును ర్యామ్ డిస్క్ అంటారు. లినక్స్ కెర్నల్‌లో ఈ పనిని చేసే ఓపెన్ సోర్స్ డ్రైవరు పేరు బీఆర్‌డీ. దీనిని నిక్ పిగిన్ 2007లో రచించాడు. 2008లో విడుదలైన 2.6.25 వెర్షనుతో ఇది కెర్నల్‌లో చేరి, అంతకు ముందున్న ఆర్‌డీ అనే డ్రైవరు స్థానాన్ని ఆక్రమించింది. ఇందులో తిరిగే పళ్ళెములు గాని, కదిలే భాగాలు గాని లేవు. అందువలన బ్లాక్ డ్రైవర్ల రచన నేర్చుకొనే విద్యార్థులకు ర్యామ్ డిస్కును తొలి ఉదాహరణగా చూపుట పరిపాటి. అయితే చూడడానికి సులభంగా కనిపించే ఈ డ్రైవరు పాత రూపంలో డేటా పాడైపోయే ప్రమాదం ఉండేది. ఆ లోపానికి కారణం, దానిని సరిదిద్దిన తీరు ఈ మాడ్యూల్ చరిత్రలో ముఖ్యమైనవి.

బ్లాక్ పరికరం

లినక్స్‌లో పరికరాలు ప్రధానంగా రెండు రకాలు. కీబోర్డు వలె అక్షరాలను వరుసగా అందించేవి క్యారెక్టర్ పరికరాలు. హార్డ్ డిస్కు వలె ఏ భాగాన్నైనా నేరుగా చదువుటకు, రాయుటకు వీలున్నవి బ్లాక్ పరికరాలు. కెర్నల్ బ్లాక్ పరికరాన్ని 512 బైట్ల సెక్టార్లుగా లెక్కిస్తుంది. ఫలానా సెక్టారు నుండి ఇంత డేటా కావాలి, లేదా ఇంత డేటా రాయాలి అనే కోరికను బయో అనే నిర్మాణంలో ఉంచి డ్రైవరుకు పంపుతుంది. ఆ డేటా తిరిగే పళ్ళెం మీద ఉందా, మెమరీలో ఉందా అనే సంగతి ఫైల్ సిస్టమ్‌కు అనవసరం.

పనిచేసే విధానం

అనేక కంప్యూటర్లలో మెమరీ 4096 బైట్ల పేజీలుగా విభజింపబడి ఉంటుంది. అంటే ఒక పేజీలో 8 సెక్టార్లు ఇముడుతాయి. సెక్టారు సంఖ్యను 8తో భాగిస్తే అది ఏ పేజీకి చెందినదో తెలుస్తుంది. శేషాన్ని బట్టి పేజీలో దాని స్థానం తెలుస్తుంది. ఉదాహరణకు 21వ సంఖ్య గల సెక్టారు 2వ సంఖ్య గల పేజీలో 5వ స్థానంలో ఉంటుంది (లెక్క సున్నాతో మొదలవుతుంది). ఈ పేజీలను వెదకుటకు బీఆర్‌డీ మొదట ర్యాడిక్స్ ట్రీ అనే చెట్టు వంటి అమరికను వాడింది. తరువాత దాని స్థానంలో ఎక్స్‌అర్రే వచ్చింది.

డిస్కు పరిమాణం ఎంతగా నిర్ణయించినా అంత మెమరీ ఒక్కసారిగా ఖర్చు కాదు. ఒక చోట మొదటిసారి రాసినప్పుడు మాత్రమే ఆ పేజీ కేటాయింపబడుతుంది. ఎన్నడూ రాయని చోటును చదివితే సున్నాలు లభిస్తాయి. రెండు ప్రాసెసర్లు ఒకేసారి ఒకే కొత్త పేజీకి రాయబోతే, ముందుగా చెట్టులో చేరిన పేజీయే నిలుస్తుంది. రెండవది వదిలివేయబడుతుంది. ఈ జాగ్రత్త లేకపోతే ఒకరు రాసిన డేటా మాయమవుతుంది.

పాత డ్రైవరులోని లోపం

డిస్కు నుండి చదివిన డేటాను కెర్నల్ బఫర్ క్యాష్ అనే తాత్కాలిక స్థలంలో దాచుకుంటుంది. పాత ఆర్‌డీ డ్రైవరుకు సొంత నిల్వ లేదు. తన డేటానంతా ఈ క్యాష్‌లోనే ఉంచేది. డిస్కుకు ఇంకా రాయవలసి ఉన్న పేజీలకు కెర్నల్ ఒక గుర్తు పెడుతుంది. ఆ గుర్తు ఉన్నంత కాలం పేజీని తొలగించదు. ఆర్‌డీ తన పేజీలన్నిటికీ ఈ గుర్తును ఉంచి వాటిని కాపాడుకొనేది.

అయితే కెర్నల్‌లోని ఇతర భాగాలు కొన్ని సందర్భాలలో ఆ గుర్తును చెరిపివేయగలవు. మామూలు డిస్కుకు దీనివలన నష్టం లేదు, అసలు ప్రతి డిస్కు మీద ఉంటుంది కనుక. ర్యామ్ డిస్కుకు మాత్రం క్యాష్‌లో ఉన్నదే అసలు ప్రతి. గుర్తు చెరిగితే ఆ పేజీని వేరొక పనికి ఇచ్చివేసే అవకాశం ఉంది. ఈ విధంగా డేటా పాడైన తరువాత పిగిన్ డ్రైవరును తిరగరాశాడు. కొత్త డ్రైవరు తన పేజీలకు తానే యజమాని. క్యాష్‌తో దానికి సంబంధం లేదు. దీనివలన కొంత డేటా మెమరీలో రెండు చోట్ల ఉండవలసి వచ్చింది, ఒకసారి అదనంగా నకలు చేయవలసి వచ్చింది. డేటా భద్రత కొరకు ఈ చిన్న నష్టాన్ని అంగీకరించారు.

మెమరీ కేటాయింపులో జాగ్రత్త

మెమరీ తక్కువైనప్పుడు కెర్నల్ కొన్ని పేజీలను డిస్కుకు రాసి ఖాళీ చేస్తుంది. ఆ డిస్కు మన ర్యామ్ డిస్కే అయితే, మెమరీ కోసం ఎదురుచూస్తున్న డ్రైవరు తన పని కోసం తానే ఎదురుచూడవలసి వస్తుంది. యంత్రం స్తంభించిపోతుంది. అందుచేత బీఆర్‌డీ పేజీని కోరేటప్పుడు, ఈ కోరికను తీర్చుటకు డిస్కు పనులు మొదలుపెట్టరాదని ప్రత్యేకంగా తెలుపుతుంది.

మాడ్యూల్ అభివృద్ధి

మాడ్యూల్ కెర్నల్‌లో భాగంగానే నడుస్తుంది. కనుక ఒక తప్పు పాయింటరు మొత్తం యంత్రాన్ని నిలిపివేయగలదు. కొత్తగా రాసేవారు వర్చువల్ మెషీన్‌లో పరీక్షించుట క్షేమకరం. మాడ్యూల్‌లో లైసెన్సును ప్రకటించాలి. జీపీఎల్‌కు అనుకూలమైన లైసెన్సు లేని మాడ్యూళ్ళకు కెర్నల్‌లోని కొన్ని ఫంక్షన్లు అందుబాటులో ఉండవు.

2005లో వెలువడిన "లినక్స్ డివైస్ డ్రైవర్స్" మూడవ ముద్రణలో ఎస్‌బుల్ అనే ర్యామ్ డిస్క్ ఉదాహరణ ఉంది. అది 2.6.10 వెర్షనుకు రాయబడినది. అందులోని పాత కోరికల వరుస పద్ధతి 2019లో వచ్చిన 5.0 వెర్షనులో తొలగించబడింది. బయోను స్వీకరించే ఫంక్షను నమోదు పద్ధతి 2020 నాటి 5.9 వెర్షనులో మారింది. కాబట్టి పుస్తకంలోని ప్రోగ్రామును యథాతథంగా కంపైలు చేస్తే పనిచేయదు. కెర్నల్ లోపలి ఇంటర్‌ఫేసులు స్థిరంగా ఉంటాయనే హామీ లేదు. కెర్నల్‌లో చేరిన డ్రైవర్లను ఆ మార్పులు చేసేవారే సవరిస్తారు. బయట ఉన్నవాటిని వాటి రచయితలే సవరించుకోవాలి.

వాడకము, పరిమితులు

మాడ్యూల్‌ను చేర్చేటప్పుడు డిస్కుల సంఖ్యను, పరిమాణాన్ని నిర్ణయించవచ్చు. ఏమీ చెప్పకపోతే, కెర్నల్ సహజ అమరిక ప్రకారం 4096 కిలోబైట్ల డిస్కులు 16 ఏర్పడతాయి. విద్యుత్తు పోతే డేటా అంతా పోతుంది. ఇందులోని ఫైలును తొలగించినంత మాత్రాన దాని పేజీలు కెర్నల్‌కు తిరిగి చేరవు. తాత్కాలిక ఫైళ్ళకు మాత్రమే అయితే టీఎంపీఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ మేలు. అది మెమరీని తిరిగి ఇస్తుంది, అవసరమైతే స్వాప్‌ను కూడా వాడుకుంటుంది. నిజమైన బ్లాక్ పరికరమే కావలసిన చోట, ముఖ్యంగా ఫైల్ సిస్టమ్‌లను పరీక్షించేటప్పుడు, బీఆర్‌డీ ఉపయోగపడుతుంది.