కందనవోలు పురవీథులలో నొక యుదయము

యాత్ర యనిన మనకు మహానందియో, అహోబిలమో, శ్రీశైలమో జ్ఞప్తికి వచ్చును. దైవదర్శనమునకై యెంత దూరమైనను పోవుదుము. కాని మన పూర్వుల సుఖదుఃఖములకు సాక్షులై నిలిచిన కట్టడములను పిల్లలకు చూపుటకొక దినము వెచ్చింపవచ్చునని మనలో ననేకులకు తోచదు. నాకును మొన్నటిదాక తోచలేదు.

ఒకనాడు మా చిన్నవాడు శిరివెళ్ల చేలగట్టున నిలిచి, "అమ్మా, మన కాలువకు నీళ్లు యాడనుంచి వస్తాయి?" అని యడిగెను. "కర్నూలు మీదనుంచి" యంటిని. "కర్నూలుకు యాడనుంచి?" అనెను. అంతకు మించి నాకు తెలియలేదు. భారతభాగవతములలోని నదుల పేర్లన్నియు వల్లించిన నేను, నా యింటి యన్నమునకాధారమైన కాలువ పుట్టుక నెరుగనైతినిగదా యని సిగ్గుపడితిని. అందుచే కార్తికమాసమున నొక సెలవు దినమున, అత్తగారును, నేనును, పిల్లలును తెల్లవారకమునుపే కర్నూలు బస్సెక్కితిమి.

నంద్యాల, పాణ్యము దాటి ఓర్వకల్లు చేరునప్పటికి తూర్పు తెల్లవారెను. అచ్చట 2021లో తెరవబడిన విమానాశ్రయమునకు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరిడిరి. 1846లో కోవెలకుంట్ల ఖజానాపై దాడి సలిపి, కంపెనీ ప్రభుత్వము నెదిరించిన ఆ వీరుని 1847 ఫిబ్రవరి 22వ తేదీన కోవెలకుంట్లలోనే ఉరి తీసిరి. జనులు భయపడవలెనని ఆయన శిరస్సును 1877 వరకు కోటగుమ్మమున వ్రేలాడగట్టియుంచిరి. ఆ శిరస్సును చూపి భయపెట్టిన దొరల పేర్లు నేడెవరికిని తెలియవు; ఆయన పేరు పసిపిల్లలకు సైతము తెలియును.

కర్నూలునకు పూర్వనామము కందనవోలు. అలంపురము గుడికి రాళ్లు తోలు బండ్లవారు తుంగభద్ర దాటుటకుముందిచ్చట ఆగి, ఇరుసులకు కందెన వేసికొనెడివారట; అందువలన నాపేరు వచ్చెనని పెద్దలు చెప్పుదురు. మా నడకను కొండారెడ్డి బురుజుకడ నారంభించితిమి. ఇది విజయనగర రాజుల కాలపుదని ప్రతీతి. చుట్టునుగల కోటగోడలు మాత్రము దొరతనమువారి కాలమున చాలవరకు నేలమట్టమైనవి.

ఈ కోటయే కర్నూలు నవాబులకు నివాసము. కడపటి నవాబు గులాం రసూల్ ఖాన్ ఫిరంగులను, మందుగుండును రహస్యముగా కూర్చుచున్నాడని కంపెనీవారు 1839లో సేనలతో వచ్చి, జోరాపురమువద్ద నాయనను పట్టుకొని తిరుచినాపల్లికి పంపిరి. మరుసటి సంవత్సరమే యచ్చట నాయన హత్యకు గురియయ్యెను. 1858లో కర్నూలు కలెక్టరు పాలనలోని జిల్లా యయ్యెను. అటుపిమ్మట హంద్రి యొడ్డుననున్న అబ్దుల్ వహాబు గుమ్మటమును చూచితిమి. 1618 నాటి యా గుమ్మటముల నీడలో అత్తగారు కొంతసేపు సేదదీరిరి.

ఇక మేము చూడవచ్చినది కాలువ. హంద్రిపైని వారధికడ పిల్లలు నిశ్చేష్టులైరి. క్రింద నది, పైన కాలువ! నది తనదారిని తాను పోవుచుండగా, కాలువ నీరు రాతి కట్టడముపై నేరు దాటి యవతలకు పోవుచున్నది. కర్నూలునకు ఎగువను సుంకేసుల ఆనకట్టవద్ద తుంగభద్రనుండి బయలుదేరి, పట్టణము దాటి, మిట్టకందాల కడ మెట్టను చీల్చుకొని, కుందేటి లోయలో దిగి, మన ప్రాంతముల తడుపుచు కడపదాక పోవునది యీ కాలువ. దీని పొడవు 190 మైళ్లు. నేడు దీని ఆయకట్టు సుమారు 2,65,000 ఎకరములు.

దీనిని త్రవ్వించినది ప్రభుత్వము కాదు. లాభమునకై సీమలో నేర్పడిన మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ. సర్ ఆర్థర్ కాటన్ దీనికి గొప్ప పక్షపాతి. పది లక్షల పౌనుల మూలధనముపై నూటికైదు వంతున వడ్డీకి దొరతనమువారు పూచీపడిరి. లాభము రాకున్నను వాటాదారులకు వడ్డీ ముట్టును. ఆ సొమ్ము మన ప్రజల పన్నులనుండి పోవును. 1863లో పని మొదలిడి సుమారు 1870 నాటికి ముగించిరి. పడవలు నడచుటకు లాకులు కూడ కట్టిరి. కాని నల్లరేగడి నేలలలో జొన్నయు ప్రత్తియు వర్షముతోనే పండుచుండ, రైతులు నీటితీరువ చెల్లించుటకు ముందుకు రారైరి. కంపెనీకి నష్టము వచ్చెను. 1882లో ప్రభుత్వమే కాలువను కొనెను.

ఈనడుమనే ధాత కరువు వచ్చినది. 1876 మొదలు 1878 వరకు వానలు లేవు, గింజలు లేవు. 1871లో తొమ్మిది లక్షలకు పైగానున్న కర్నూలు జిల్లా జనసంఖ్య 1881 నాటికి ఏడు లక్షలకు లోబడెను. పదియేండ్లలో నలుగురిలో నొకరు లేకపోయిరి! ఈ లెక్క చెప్పగా అత్తగారు చాలసేపు మాటాడలేదు. పిదప, "చిన్నప్పుడు మెతుకు కిందపడేస్తే మా అవ్వ ఊరుకునేది కాదు. ధాత కరువు చూసిన ఇల్లు ఇది అనేది. ఏమో అనుకుంటిమి" అనిరి.

అంతకు పదేండ్లకు ముందు, 1866 నాటి కరువున, మా పొరుగుసీమయగు ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి వేలకొలది జనులకు అన్నము పెట్టించెను. విక్టోరియా రాణి బంగారు పతకము పంపెను. పతకము మాట యటుండనిండు. ఆ యన్నము వండినవారెవరు, గంజి వార్చినవారెవరు, పొయ్యి యారకుండ కాచినవారెవరు? వారి పేర్లే శాసనమునను లేవు. కాలువ మన్ను మోసిన తల్లుల పేర్లును లేవు. వారధి మాత్రము నిలిచియున్నది; వారు మోసిన మన్నుపైని నీరు నేటికిని పారుచున్నది.

సోదరీమణులారా, దొరల కాలపు కట్టడములను చూచి మురియనక్కరలేదు, ద్వేషింపనక్కరలేదు. ఎవరు కట్టించిరి, ఎవరి సొమ్ముతో, ఎవరి చెమటతో, ఎవరికొరకు? ఈ నాలుగు ప్రశ్నలు పిల్లలకు నేర్పి వెంటబెట్టుకొని పొండు. చలికాలమున తెల్లవారుజాముననే బయలుదేరుట మేలు. పెరుగన్నపు మూట, మంచినీళ్లు మరువకుడు. పెద్దలనుకూడ తప్పక తోడ్కొనిపొండు; పుస్తకములలో లేనిది వారి నోటనున్నది.

ఆ రాత్రి యింట భోజనములవేళ మా చిన్నవాడు విస్తరి ప్రక్కన పడిన మెతుకులను తానే యేరుకొనెను. ఎవ్వరును వానికి చెప్పలేదు.