వెనక బ్రేక్ ప్యాడ్లు ఇంట్లో మారుస్తున్నారా? పిస్టన్ దగ్గర జాగ్రత్త

ఈద్‌కు బంధువుల ఊళ్లకు వెళ్లాలన్నా, పిల్లలతో మారేడుమిల్లి ఘాట్ చూసి రావాలన్నా కారు బ్రేకులు బాగుండాలి. వెనక చక్రాలకు డిస్క్ బ్రేకులుంటే ప్యాడ్లు ఇంట్లోనే మార్చుకోవచ్చు. కానీ ముందు చక్రాలకు చేసినట్టే చేస్తే హ్యాండ్ బ్రేక్ పాడైపోవచ్చు. చాలా చిన్న కార్లకు వెనక డ్రమ్ బ్రేకులే ఉంటాయి, వాటి పని వేరు.

ఎప్పుడు మార్చాలి?
ప్యాడ్ మందం 3 మిల్లీమీటర్లకు తగ్గినా, బ్రేక్ వేస్తే కీచుమన్నా చూసుకోవాలి. ఒకవైపు అరిగినా రెండు వైపులా కలిపే మార్చాలి.

ఎలా?
డెల్టాలో నల్లమట్టి నేల మెత్తన, వానాకాలంలో జాకీ దిగబడుతుంది. సిమెంటు నేల మీదే పని పెట్టుకోండి. హ్యాండ్ బ్రేక్ తీసేసి, కారును గేర్‌లో ఉంచి, ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దు, స్టాండ్ తప్పనిసరి.

చక్రం తీశాక కాలిపర్ బోల్టు విప్పండి. కాలిపర్‌ను బ్రేక్ పైపు మీద వేలాడదీయకుండా తీగతో కట్టండి. పాత ప్యాడ్ల దుమ్మును నోటితో ఊదొద్దు, తడిగుడ్డతో తుడవండి. సముద్రతీరం వైపు ఉప్పుగాలికి స్లైడ్ పిన్నులు తుప్పు పడతాయి. వాటిని శుభ్రం చేసి బ్రేక్ గ్రీజు రాయాలి.

అసలు విషయం ఇక్కడే ఉంది. పిస్టన్ ముఖం మీద గాట్లుంటే హ్యాండ్ బ్రేక్ దానితోనే కలిసి ఉన్నట్టు. క్లాంప్‌తో బలంగా నొక్కితే లోపలి మర విరుగుతుంది. తగిన పనిముట్టుతో నొక్కుతూ తిప్పాలి. ఎక్కువ కార్లకు గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పాలి, అయినా మాన్యువల్ చూడండి. పిస్టన్ లోపలికి పోతున్నకొద్దీ బ్రేక్ ఆయిల్ పైకి వస్తుంది. అది రంగు మీద పడితే పెయింట్ ఊడుతుంది. బటన్‌తో పనిచేసే ఎలక్ట్రానిక్ హ్యాండ్ బ్రేక్ ఉంటే ముందు సర్వీస్ మోడ్‌లో పెట్టాలి. అది తెలియకపోతే మెకానిక్ దగ్గరికి వెళ్లడమే మేలు.

కదిపే ముందు
పెడల్ గట్టిపడేదాకా పదేపదే తొక్కండి. ఆయిల్ లెవెల్ చూడండి. హ్యాండ్ బ్రేక్ నాలుగైదు సార్లు లాగి వదలండి. ఖాళీ వీధిలో మెల్లగా నడిపి చూడండి. పెడల్ లోపలికి దిగిపోతున్నా, ఆయిల్ కారుతున్నా బండి కదపకండి. మెకానిక్‌నే ఇంటికి పిలవండి. కొత్త ప్యాడ్లు కుదురుకునేదాకా రెండు మూడు వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి. ఘాట్ ప్రయాణం ఆ తర్వాతే.