పాత సామాన్లతో అంతరిక్ష నౌక

కథల్లోని అంతరిక్ష నౌకకు నమూనా చేయడానికి కిట్ కొననక్కర్లేదు. తొర్రూరు లాంటి ఊళ్లో పాత సామాన్ల దుకాణంలోనో, ఇంటి అటక మీదో దొరికేవి చాలు. ముందు ఆకారం చూసుకోవాలి: షాంపూ సీసా నౌక ఒళ్లవుతుంది, కూల్‌డ్రింక్ సీసా మెడ ఇంజన్ గొట్టమవుతుంది. నునుపైన ప్లాస్టిక్‌కు రంగు సరిగా పట్టదు. గరుకు కాగితంతో రుద్ది, సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాలి. తర్వాత పెన్ను మూతలు, పాడైన రిమోట్ బటన్లు, వాచీ చక్రాలు అతికించాలి. ఈ చిన్న చిన్న ముక్కలే నౌకను భారీగా చూపిస్తాయి. 1977 నాటి ‘స్టార్ వార్స్’ నౌకలకూ యుద్ధ ట్యాంకుల బొమ్మ కిట్ల ముక్కలు అతికించారు. చివరగా అంతటికీ ఒకే బూడిదరంగు వేస్తే సీసా ఆనవాలు పోతుంది. దాని మీద పలుచని నల్లరంగు పూసి వెంటనే గుడ్డతో తుడిస్తే, సందుల్లో మిగిలిన నలుపు లోతును తెస్తుంది.