గండికోట లోయ ఫోన్లో ఎందుకు పట్టదు?

గండికోట వెళ్ళొచ్చిన ప్రతి బ్యాచ్ గ్రూపులో పెట్టే ఫొటోలన్నీ ఒకసారి వరసగా చూడండి. పైన తెల్లగా మాడిపోయిన ఆకాశం, కింద ఎర్ర రాళ్ళు, మధ్యలో సన్నని గీతలా పెన్నా. అంచున నిలబడితే కాళ్ళు వణికించిన ఆ లోతు మాత్రం ఎక్కడా ఉండదు. తర్వాత వచ్చే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "అన్నా, ఏ కెమెరా కొనమంటావ్?" ఇంట్లో వాళ్ళని ఒప్పించి అంత డబ్బు పెట్టేముందు చేతిలో ఉన్న ఫోన్‌తోనే రెండు విషయాలు తేల్చుకోమంటాను. ఒకటి వెలుతురు, రెండోది మనం నిలబడే చోటు.

పొద్దున్నే ఆకాశం వెలుగుతో నిండిపోతుంది, లోయ అడుగు ఇంకా నీడలోనే ఉంటుంది. మన కన్ను అటొకసారి ఇటొకసారి చూసి సర్దుకుంటుంది, మెదడు రెండిటినీ కలిపేస్తుంది. సెన్సర్‌కి ఆ వెసులుబాటు లేదు. ఒక క్లిక్, ఒక ఎక్స్‌పోజర్, అంతే. ఫొటోగ్రఫీలో వెలుతురుని స్టాపుల్లో కొలుస్తారు. ఒక స్టాప్ పెరిగితే రెట్టింపు, అంటే మన లెక్కల్లో లాగ్ బేస్ 2. నాలుగు స్టాపుల తేడా 16 రెట్లు, పది స్టాపులైతే 1024 రెట్లు. సీన్‌లో తేడా సెన్సర్ పట్టగలిగినదాన్ని దాటితే ఏదో ఒక చివర తెగిపోతుంది. ఈసీఈ వాళ్ళకి చెప్పక్కర్లేదు, ఇది క్లిప్పింగే.

పైగా కెమెరా మీటర్‌కి ఎదురుగా ఉన్నది రాయో మబ్బో తెలీదు. ఏది చూపించినా సగటున ఒక మధ్యరకం బూడిదరంగుకి తెద్దామనే చూస్తుంది. నల్ల గేదెని ఫ్రేమ్ నిండా తీస్తే బూడిద గేదె అవుతుంది, సున్నం వేసిన గోడ మాసిపోయినట్టు వస్తుంది. కాబట్టి ఏది ఎలా కనపడాలో చెప్పాల్సింది మనమే.

ఈ విషయంలో నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఆన్సెల్ ఆడమ్స్‌ది. 1941లో అమెరికాలోని న్యూ మెక్సికోలో, హెర్నాండెజ్ అనే పల్లె మీద చంద్రుడు కనిపిస్తే రోడ్డు పక్కన కారు ఆపేశాడు. సమాధుల మీది శిలువలకి ఇంకా ఎండ తగులుతోంది. లైట్ మీటర్ ఎంత వెతికినా దొరకలేదు. చంద్రుడి ప్రకాశం చదరపు అడుగుకి 250 క్యాండిళ్ళని మాత్రం గుర్తుంది. దాన్నిబట్టే ఎక్స్‌పోజర్ లెక్కకట్టి తీసేశాడు. రెండోది తీసేలోపు శిలువల మీద వెలుతురు పోయింది. నెగెటివ్‌లో నేల భాగం పల్చగా వచ్చింది. ఆ సంగతి తర్వాత డార్క్‌రూమ్‌లో చూసుకున్నాడు. చంద్రుడు పోకూడదు, మిగతావి తర్వాత అన్నదే అక్కడి లెక్క.

డిజిటల్‌లోనూ అంతే. తెల్లగా కాలిపోయిన ఆకాశాన్ని ఏ యాప్ తిరిగి తేలేదు. నీడని కొంత లేపొచ్చు, కాస్త నాయిస్ వస్తుంది. అందుకని ఆకాశంలో వెలుగున్న చోట వేలు నొక్కి పట్టుకోండి, చాలా ఫోన్లలో ఎక్స్‌పోజర్ లాక్ అవుతుంది. పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని మబ్బుల్లో వివరం కనపడేదాకా కిందికి లాగండి. మరీ ఎక్కువ లాగితే నీడల్లో మిగిలేది నాయిసే. హెచ్‌డీఆర్ ఉందిగా అంటారు. నాలుగైదు ఫ్రేములు కలిపి రెండు చివర్లూ కాపాడుతుంది, నిజమే. కానీ చాలాసార్లు నీడలన్నిటినీ లేపేసి చదును చేస్తుంది. లోయ లోతు మనకి చెప్పేదే ఆ నీడ. దాన్ని తీసేస్తే ఇంకేం మిగిలింది?

ఇక నిలబడే చోటు. అందరూ చేసే పని 0.5 మీద పెట్టి మొత్తం లాగేయడం. అప్పుడు అవతలి కొండ చీమంత అవుతుంది. దగ్గరిదీ దూరందీ ఎంత నిష్పత్తిలో కనపడతాయో నిర్ణయించేది లెన్స్ కాదు, మనం నిలబడ్డ చోటు. లెన్స్ అందులోంచి ఎంత ముక్క కత్తిరించాలో చూస్తుంది, అంతే. కాబట్టి 0.5 వాడాలనిపిస్తే ముందు ఏదైనా దగ్గరి వస్తువు ఉండాలి. మోకాళ్ళ మీద కూర్చుని పగుళ్ళున్న ఒక బండని ఫ్రేమ్ కింది భాగంలో పెట్టండి. ఆ బండ నుంచి నది దాకా కన్ను నడుస్తుంది, లోతు అప్పుడు తెలుస్తుంది. దగ్గర ఏమీ లేదా, 2 లేదా 3 జూమ్‌కి వెళ్ళి నది మలుపు ఒక్కటే తీసుకోండి. దూరంగా బండల మధ్య నడుస్తున్న మనిషి ఒకడు దొరికితే ఇంకా మంచిది, కొలతకి పనికొస్తాడు. మూడో వంతుల సూత్రం గురించి అందరూ చెప్తారు, నేను పెద్దగా పట్టించుకోను. ఆకాశంలో మబ్బే లేనప్పుడు దానికి సగం ఫ్రేమ్ ఎందుకివ్వాలి అని అడుక్కుంటే చాలు. గ్రిడ్ మాత్రం ఆన్ చేస్కోండి, ఫ్రేమ్ వంకర పోకుండా.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తా: స్క్రీన్ చూస్తూ ఒక్క అడుగు కూడా వెయ్యొద్దు, ముందుకైనా వెనక్కైనా. ఫోన్ దించండి, నడవండి, ఆగండి, అప్పుడు మళ్ళీ ఎత్తండి.

సూర్యుడు కనపడగానే నాలుగు తీసేసి టిఫిన్‌కి పరిగెత్తకండి. ఆ తర్వాతే ఎండ కొండ గోడ మీద మెల్లగా కిందికి దిగుతుంది. ఏటవాలు వెలుతురులో ప్రతి పగులూ నీడ వేస్తుంది. ఒకే చోట కూర్చుని ఐదు నిమిషాలకొకటి తీయండి, ఎక్స్‌పోజర్ ప్రతిసారీ కొత్తగా లాక్ చేస్తూ. గది కొచ్చాక వరసగా చూస్తే ఎండ గీత ఎక్కడున్నప్పుడు లోయ లోతుగా కనపడిందో ఇట్టే తెలిసిపోతుంది.