వాయిదాకు రాని వకీలు

కక్షిదారును గాలికొదిలేసిన న్యాయవాదిపై చర్య తీసుకునే అధికారం ప్రధానంగా బార్ కౌన్సిల్‌ది. 1961 నాటి అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షన్ ఈ అధికారాన్ని ఇచ్చింది. ఫిర్యాదులో పస ఉందనిపిస్తే రాష్ట్ర బార్ కౌన్సిల్ దాన్ని ముగ్గురు సభ్యుల క్రమశిక్షణ కమిటీకి పంపుతుంది. సాక్షులను పిలిపించడంలో, పత్రాలు తెప్పించడంలో కమిటీకి సివిల్ కోర్టుకున్న అధికారాలే ఉంటాయి. విచారణ ముగిశాక ఫిర్యాదు కొట్టేయవచ్చు, మందలించవచ్చు, కొంతకాలం సస్పెండ్ చేయవచ్చు, న్యాయవాదుల రోల్ నుంచి పేరే తీసేయవచ్చు. సస్పెండైన వ్యక్తి ఆ గడువులో దేశంలోని ఏ కోర్టులోనూ వాదించడానికి వీల్లేదు.

దుష్ప్రవర్తన అంటే ఏమిటో చట్టం నిర్వచించలేదు. కొంత బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో దొరుకుతుంది. ఒప్పుకున్న కేసును తగిన కారణం, ముందస్తు నోటీసు లేకుండా వదిలేయకూడదు. వదిలేస్తే, చేయని పనికి తీసుకున్న ఫీజు తిరిగివ్వాలి. కక్షిదారు డబ్బుకు లెక్క రాసి ఉంచాలి. మిగతాది తీర్పుల్లో తేలింది. వట్టి అజాగ్రత్త దుష్ప్రవర్తన కాదని, దానికి నైతిక దోషం తోడవ్వాలని 1963లోనే సుప్రీంకోర్టు చెప్పింది. న్యాయవాది వాయిదా మరిచిపోయి, కోర్టు కేసును డిఫాల్టులో కొట్టేయడం పొరపాటుతో జరగొచ్చు. ఆ సంగతి దాచి ‘ఇంకా నడుస్తోంది’ అని నెలల తరబడి నమ్మబలకడం మాత్రం పొరపాటు కాదు.

ఈ తేడాకు 1970ల నాటి మద్రాసు కేసు చక్కటి ఉదాహరణ. వినికిడి లేని ఒక వృద్ధుడు, ఆయన భార్య రూ.15,000కు ఒకటి, రూ.5,000కు ఒకటి ప్రోనోట్లు తెచ్చి, దావాలు వేయమని న్యాయవాదికి అప్పగించారు. ఆ న్యాయవాది దావాలు వేయలేదు. వేశానని మాత్రం చెప్పాడు. ప్రోనోటుపై దావాకు గడువు మూడేళ్లే. ఈలోగా అవి కాలదోషం పట్టాయి. తమిళనాడు బార్ కౌన్సిల్ ఆరేళ్లు సస్పెండ్ చేస్తే, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా దాన్ని ఏడాదికి కుదించింది. సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ శిక్ష అంటే మనిషిని దిద్దేది కూడా కావాలన్నారు. సస్పెన్షన్‌ను 1979 ఆగస్టు 14తో ముగించి, బాధితుడికి రూ.2,500 చెల్లించాలని, ఏడాదిపాటు పేదలకు ఉచిత న్యాయసేవ చేయాలని మెజారిటీ తీర్పు ఆదేశించింది. ఆలోచన ఉదాత్తమే. కానీ రూ.20,000 ప్రోనోట్ల ముందు రూ.2,500 ఏపాటి?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. క్రమశిక్షణ చర్య వృత్తి పరువు కాపాడేందుకు పుట్టింది, కక్షిదారు నష్టం పూడ్చేందుకు కాదు. అందుకే ఫిర్యాదుదారు రాజీపడి వెనక్కి తీసుకున్నా అంతమాత్రాన విచారణ ఆగదు. రాష్ట్ర కమిటీ ఏడాదిలో తేల్చకపోతే ఫిర్యాదు ఢిల్లీకి, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు బదిలీ అవుతుంది. రాష్ట్ర కమిటీ ఉత్తర్వుపై 60 రోజుల్లో అక్కడికే అప్పీలు, ఆపైన సుప్రీంకోర్టు.

మునిగిపోయిన కేసు కొన్నిసార్లు తేలుతుంది. న్యాయవాది రానందుకు అమాయక కక్షిదారును శిక్షించరాదని 1981లో సుప్రీంకోర్టు ఒక అప్పీలును పునరుద్ధరించింది. ఫీజు బాకీ సాకుతో ఫైళ్లు పట్టుకు కూర్చునే హక్కు న్యాయవాదికి లేదని 2000లో తేల్చింది. వినియోగదారుల కమిషన్ తలుపు మాత్రం 2024 మే 14 తీర్పుతో మూసుకుపోయింది. పరిహారం కావాలంటే ఇక సివిల్ కోర్టులో దావాయే మార్గం.

ఏ మార్గంలో వెళ్లినా రుజువు కావాలి. వకాలత్ నకలు, ఫీజు రసీదులు, మెసేజీలు భద్రంగా ఉంచుకోండి. అక్షరాలు, అంకెలు కలిపి 16 ఉండే మీ కేసు సీఎన్ఆర్ నంబరు దగ్గరుంటే ఈ-కోర్ట్స్ యాప్‌లో కేసు ఏ దశలో ఉందో, తర్వాతి వాయిదా ఎప్పుడో మీరే చూసుకోవచ్చు.